వేపచెట్టు మీద విడిది

కమలాపురం,
యువ నామ సంవత్సర మాఘ బహుళ తదియ.

చిరంజీవి బావమరిది ఓబులేసును ఆశీర్వదించి పుల్లయ్య వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బద్వేలులో నీవు, నీ భార్య, పిల్లలు, నీ గొడుగు అందరూ క్షేమమని తలుస్తాను.

గొడుగు మాట ఎత్తినానని జాబు చింపేయవద్దు. ముందు శుభవార్త విను. మన రామసుబ్బమ్మకు పెండ్లి కుదిరింది! ప్రొద్దుటూరు సంబంధం. పిల్లవాడు నెమ్మదస్తుడు, సొంతానికి రెండు మగ్గాలు ఉన్నాయి. వైశాఖ శుద్ధ దశమి ముహూర్తం. పెండ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకొచ్చేది మేనమామ కదా. దానికి ఉన్న మేనమామవు నీవొక్కడివే. పిల్ల అప్పుడే తేల్చి చెప్పేసింది: "మామ మోస్తేనే బుట్టలో కూచుంటా. లేకుంటే నాకు బుట్టా వద్దు, పెండ్లీ వద్దు." మీ అక్క తిమ్మమ్మ దానికి వంత పాడుతోంది.

ఆరేండ్ల కిందటి సంగతి నేను మరిచిపోలేదు. వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతుంటే నీవు చుట్టూ తిరిగి రాకుండా దాటినావు. నీ గొడుగు మొన తగిలి రెండు వందల పోగులు తెగినాయి. పడుగు దాటకూడదని నేతగాని ఇంట్లో పుట్టిన నీకు ఒకరు చెప్పాలా? అయినా, "దస్తావేజులు రాసేవానికి దారం విలువ ఏం తెలుసు" అని వీధంతా వినేట్టు నేను అనకుండా ఉండాల్సింది. నీవు విస్తట్లో చెయ్యి పెట్టకుండానే లేచి, "నీ గడప తొక్కితే నేను కాశన్న కొడుకునే కాను" అని వెళ్ళిపోయినావు. మీ అక్క ఏటా బద్వేలు వచ్చి నిన్ను చూసుకుంటోంది. నేను మాత్రం నీ మొహం చూసి ఆరేండ్లయింది.

పోయిన మామ పేరు మీద పెట్టిన ఒట్టు. దాన్ని తప్పమని నేను అడగను. అందుకే ఒక ఉపాయం చేసినాను. మా పెరట్లో వేపచెట్టు ఉంది చూడు, మూడు కొమ్మలు అరచెయ్యి చాచినట్లు విచ్చుకుని ఉంటాయి. ఆ కొమ్మల నడుమ నీకొక విడిది కడుతున్నా! నిచ్చెన ఎక్కి నేరుగా లోపలికి దూరడమే. గడప అనేదే ఉండదు. లేని గడపను నీవు తొక్కేదెట్లా?

నలభై ఏండ్లుగా గుంట మగ్గంలో కాళ్ళు దిగేసుకుని కూర్చున్నవాణ్ణి నేను. నిన్న మొదటిసారి ఆ కొమ్మ మీద కూర్చుంటే ఒళ్ళంతా పులకరించింది. అక్కడి నుంచి గండికోట కనిపిస్తోంది. అది మా వీధి నాగన్న గొడ్ల కొట్టమని మీ అక్క అంటోంది కానీ, ఆమె ఎప్పుడు చెట్టెక్కింది గనక?

ఇట్లు
నీ బావ పుల్లయ్య

తా.క. దిగేటప్పుడు పంచె కొమ్మకు చిక్కి చిరిగింది. "సొంత నేత అంత గట్టిదా పుల్లయ్యా" అని వీధిలో నవ్వుతున్నారు. నీవు వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకో. ముడిచి తెచ్చుకో.

* * *

బద్వేలు,
మాఘ బహుళ దశమి.

కమలాపురం కాపురస్తులు, నేత జీవనం, మహారాజశ్రీ బావ పుల్లయ్య గారికి, బద్వేలు కాపురస్తుడు, దస్తావేజు లేఖరి ఓబులేసు నమస్కరించి, ఎవరి బలవంతమూ లేకుండా పూర్తి స్పృహతో వ్రాసుకున్న ఉత్తరం.

పెండ్లి వార్తకు సంతోషించాము. విడిది విషయమై నా మనవి ఏమనగా, అది చెల్లదు.

ఆనాడు బద్వేలు చేరగానే నా ఒట్టును స్టాంపు కాగితం మీద పెట్టినాను. ఇరవై ఏండ్ల చేతి అలవాటు. దాన్ని ఇప్పుడు పెట్టెలో నుంచి తీసి చూస్తే, "సదరు ఇంటి గడప తొక్కను, సదరు ఇంటికి చేరిన జల తరు పాషాణములను అనుభవించను" అని ఉంది. జలం అంటే మీ బావి. పాషాణం అంటే మీ రోలు, కాబట్టి అందులో నూరిన ఊరిబిండి కూడా నేను తినరాదు. తరువు అంటే చెట్టు. మీ వేపచెట్టు వేళ్ళతో సహా అందులోకి వచ్చేసింది.

కోపంలో రాసినాను కానీ రాయడంలో ఎక్కడా సందు వదల్లేదు. నా పనితనం నా కాళ్ళకే అడ్డం పడింది.

పిల్లకు నా ఆశీర్వాదం. బుట్ట మోయడానికి వేరే ఎవరినైనా చూసుకోండి. ఈ మాట రాసేటప్పుడు కలం రెండుసార్లు ఆగింది.

చిత్తగించవలెను.
ఓబులేసు వ్రాలు

తా.క. ఊరికే అడుగుతున్నాను. కొమ్మ ఎంత లావు? పైకప్పు దేనితో వేస్తున్నారు?

* * *

కమలాపురం,
ఫాల్గుణ శుద్ధ విదియ.

చిరంజీవి ఓబులేసుకు, తాజాకలంలో దొరికిపోయిన బావమరిదికి, పుల్లయ్య ఆశీస్సులు.

కొమ్మ నా తొడ కంటే లావు. పైకప్పు గురించి అడిగినావు, చెబుతాను విను. పెన్నలో రాయికి తగిలి చిల్లిపడిన పుట్టి ఒకటి ఇసుకలో పడి ఉంటే తెచ్చి బోర్లించినాము! నీళ్ళ మీద గుండ్రంగా తిరిగేది ఇప్పుడు గాలిలో నీ నెత్తిన గొడుగై కూర్చుంటుంది. చిల్లికి కిరసనాయిలు డబ్బా రేకు కొట్టినాము. నేలకు చావిడి పాత తలుపులు పరిచినాము. కిటికీకి విరిగిన బండిచక్రం. గోడలకు ఏం పెట్టినామో నీవు ఊహించలేవు. పోయినేడు ఇక్కడ జనం రాక దివాలా తీసిన నాటకం వాళ్ళు వదిలిపోయిన తెర! దాని మీద రాజదర్బారు ఉంది. స్తంభాలు, సింహాసనం, చామరం వీచే ఇద్దరాడవాళ్ళు. నీవు చాప మీద పండుకుంటే సింహాసనం సరిగ్గా నీ తల దగ్గరికి వస్తుంది. కొత్త వస్తువు ఒక్కటి కొనలేదు.

ఇక నీ తరువు సంగతి. ఆ చెట్టును రామసుబ్బమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చేసినాను! ఇప్పుడది మా ఇంటికి చేరిన తరువు కాదు, నీ మేనకోడలి తరువు. దానపత్రం నీవే రాసి పంపు. నిచ్చెన గోడ అవతల సందులో వేస్తాను. సందు సర్కారుది. నీళ్ళు నాగన్న బావివి, ఊరిబిండి నాగన్న రోట్లోది. ఇంకా ఏమైనా రాసుకున్నావా ఆ కాగితంలో?

నీ రాక కోసం కొమ్మ ఎక్కి చూస్తున్న
బావ పుల్లయ్య

తా.క. చామరం వీచే ఆడవాళ్ళలో ఒకామె మొహం మీద రేకు మేకు పడింది. నీ భార్యకు ఈ వార్త నచ్చవచ్చు.

* * *

బద్వేలు,
ఫాల్గుణ శుద్ధ ఏకాదశి.

బావ గారికి నమస్కారాలు. తక్కినవి తర్వాత. మీరు ముందు చెట్టు దిగండి.

నిన్న మీ ఊరి చిన్న ఈరన్న రిజిస్ట్రీ పని మీద వచ్చి, నా బల్ల ముందు కూర్చుని, "ఏమప్పా, మీ బావ సంగతి ఇన్న్యావా? పెండ్లాం మీద అలిగి చెట్టెక్కినాడంట. దిగమంటే దిగడంల్యా. తాడు కట్టి సంగటి పైకి పంపుతాండారు. ఆస్తంతా కూతురికి రాసిచ్చి సన్యాసం తీసుకుంటాడంట" అన్నాడు. కచేరీలో ఉన్న నలుగురూ నా మొహం చూసినారు.

మీరు దానపత్రం అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మొదట చెట్టు అన్నారు. తర్వాత మగ్గం అంటారు. ఆ తర్వాత కమండలం అంటారు. నలభై ఏండ్లు గుంటలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కొమ్మ మీద నుంచి గండికోట కనిపిస్తోందని రాస్తే అది సంతోషమనుకున్నాను! నా ఒట్టు మీ మెదడుకు పట్టిందా? మా అక్క గతి ఏమిటి? పెండ్లికి ముందు పెండ్లికూతురి తండ్రి చెట్టు మీద ఉంటే ప్రొద్దుటూరు వాళ్ళు ఏమనుకుంటారు?

వారంలోగా దిగకపోతే నేనే వచ్చి సర్కారు సందులో నిలబడి అరుస్తాను. దానికి నా ఒట్టు అడ్డం రాదు. కాగితం చూసుకున్నాను.

కంగారుతో,
ఓబులేసు

తా.క. దానపత్రం ఇందులోనే పెట్టినాను. దాత మతి స్థిమితంగా ఉన్నాడని ఒక వాక్యం చేర్చినాను. సంతకం పెట్టేముందు అది నిజమో కాదో మా అక్కను అడగండి.

* * *

కమలాపురం,
ఫాల్గుణ బహుళ పాడ్యమి.

చిరంజీవి ఓబులేసుకు, మతి స్థిమితంగా ఉన్న పుల్లయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చిన్న ఈరన్న నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా నమ్మినావే! జరిగింది ఇది. నేను పైన తెర కడుతుంటే వడ్రంగి గోపన్న నిచ్చెనకు మెట్టు వేయాలని ఇంటికి మోసుకుపోయి, అక్కడ అన్నం తిని నిద్రపోయినాడు. అంతే. నేను ఒక పూట పైన ఉండిపోయినాను. మీ అక్క తాడుతో సంగటి పంపింది. వీధిలో ఇద్దరు చూసినారు, ఇరవై మందికి చెప్పినారు. సాయంత్రానికి కింద పదిమంది చేతులు జోడించుకుని నిలబడినారు. ఒక ముసలామె టెంకాయ కూడా తెచ్చింది. "సామీ, ఈ ఏడన్నా వాన పడుతుందా" అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను. "పెద్ద సాములు అట్లే అంటారు" అని ఇంకో దండం పెట్టింది. నేను సిగ్గుతో సింహాసనం వెనక దాక్కున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు. గోపన్న మొండికేసినాడు. "గాలికి ఊగే కొమ్మ మీద మూడు పక్కల చట్రం నిలబడదప్పా. నాలుగో పక్క కింద గడప ఉండాల్సిందే. గడప ల్యాకుండా వాకిలి చేసినానంటే రేపు నన్ను పనికి ఎవురు పిలుస్తారు?" అన్నాడు. అందుకని పడగొట్టిన ఇళ్ళ కలప ఊరూరా తిరిగి కొనే దాసన్న దగ్గర ఒక టేకు వాకిలి, గడపతో సహా చట్రమంతా, తెచ్చినాను. పొగచూరి నల్లగా ఉంది కానీ బంగారం లాంటి కలప. బండి నుంచి దించగానే మీ అక్క దాని మీద చెయ్యి పెట్టి, గడపను వేలితో తడుముతూ కూర్చుండిపోయింది. బరువు చూసి భయపడింది కాబోలు. తర్వాత లేచి, "నువ్వు ప్రొద్దుటూరు పోయి పెండ్లిచీరకు మంచి నూలు తెచ్చుకోపో. వాకిలి సంగతి నేను, గోపన్న చూసుకుంటాం" అంది. ఇంత కాపురంలో ఆమె నన్ను ఊరికి పొమ్మనడం ఇదే మొదలు.

గడప లేని ఇల్లన్నాను, మాట తప్పినాను. ఇప్పుడు నీవే తీర్పు చెప్పు.

నీ తీర్పు కోసం గోళ్ళు కొరుకుతూ,
పుల్లయ్య

తా.క. దానపత్రం మీద సంతకం పెట్టినాను. ఆ వాక్యం గురించి మీ అక్కను అడిగితే, "సగం దాకా నిజం" అని రాయించమంది.

* * *

బద్వేలు,
ఫాల్గుణ బహుళ సప్తమి.

పూజ్యులైన బావ గారికి ఓబులేసు నమస్కరించి చేయు విన్నపం.

మీరు దిగినందుకు దేవునికి దండం పెట్టుకున్నాను. మూడు దినాలు కాగితం ముందేసుకుని ఆలోచించి తీర్పు రాస్తున్నాను. సదరు గడప బయటి నుంచి వచ్చింది. ఒట్టు పెట్టిననాడు అది మీ ఇంట లేదు. కాబట్టి చెట్టు మీది గడపను నేను తొక్కవచ్చు. ఒకే ఒక షరతు. అది ఏనాడూ, ఒక్క పూటైనా, మీ ఇంటి వాకిట్లో ఉండి ఉండకూడదు. బుట్ట సంగతి కూడా చూసినాను. పిల్లను గడప బయటికి తెచ్చి బుట్టలో కూర్చోబెడితే అక్కడి నుంచి పందిట్లోకి నేను మోస్తాను.

బావా, ఒక మాట. మామూలు మాటే. జమ్మలమడుగులో మా నాయన ఇల్లు అమ్మినప్పుడు ఆ దస్తావేజు నా చేత్తోనే రాసినాను. కొన్నవాళ్ళు నిరుడు దాన్ని పడగొట్టినారని విన్నాను. మా ఇంటి గడప అట్లా పోయింది. మీ ఇంటి గడపను నోరు జారి నేనే పోగొట్టుకున్నాను. కచేరీలో రోజుకు పది ఇళ్ళ సరిహద్దులు రాస్తాను. నాదని కాలు పెట్టడానికి నాకొక గడప లేదు. మీరు చెట్టు మీద కడుతున్నారని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

వస్తున్నాను. నాలుగు దినాల ముందే వస్తున్నాను!

మీ ఓబులేసు

తా.క. నా బరువు గురించి అక్క అబద్ధం చెప్పి ఉంటుంది. కొమ్మకు ఇంకో ఊత పెట్టించండి.

* * *

కమలాపురం,
ధాత నామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి.

బంగారు బావమరిది ఓబులేసుకు పుల్లయ్య ఆశీస్సులు.

ఊత పెట్టించినాను. రెండు పెట్టించినాను. మీ అక్క నిజమే చెప్పింది.

నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చేసరికి వాకిలి చెట్టెక్కి కూర్చుని ఉంది! గడపకు పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం. అంత బరువు కలప అంత తేలిగ్గా ఎట్లా ఎక్కిందో నాకు అర్థం కాలేదు. "చిత్రిక పట్టి సగం బరువు తీసేసినాలే అప్పా" అన్నాడు గోపన్న. వాని చేతిలో ఏదో మహిమ ఉంది. పెండ్లి కదా అని మీ అక్క ఇంటి వాకిలికి కూడా రంగు వేయించి, గడపకు మందంగా పసుపు పూసింది.

నా ఒంట్లో మాత్రం కాస్త బాగాలేదు. ఇంట్లోకి పోయేటప్పుడల్లా కాలి బొటనవేలు గడపకు తగులుతోంది. ఇన్నేండ్లలో ఎప్పుడూ తగల్లేదు. కాలు ఎత్తడం తగ్గిందేమో. యాభై దాటితే ఇట్లాంటివి తప్పవు కాబోలు.

మొన్న వియ్యాలవారు వచ్చి చూసి, ఆ చెట్టు మీది విడిదే తమకు కావాలని కూర్చున్నారు. పెండ్లికొడుకు మేనత్త అప్పుడే కొంగు బిగించి రెండు మెట్లు ఎక్కేసింది. అది మేనమామ స్వాధీనంలో ఉందమ్మా, కాగితాలున్నాయని చెప్పి దించినాను. తొందరగా వచ్చి స్వాధీనం చేసుకో. నీవు వచ్చే దినం పడుగు చుట్టి లోపల పెట్టేస్తాను.

ఇట్లు,
పుల్లయ్య

తా.క. లేదు, పెట్టను. వీధిలోనే ఉంచుతాను. నీవు దాన్ని చుట్టూ తిరిగి రావడం నేను చూడాలి.

* * *

బద్వేలు,
వైశాఖ బహుళ పాడ్యమి.

బావ గారికి, అక్కకు ఓబులేసు నమస్కారాలు.

నా బతుకులో అట్లాంటి నాలుగు దినాలు లేవు బావా. పుట్టి కింద పండుకుని వేపపూత వాసన పీల్చుకుంటూ, బండిచక్రం లోనుంచి ఊరంతా చూస్తూ ఉంటే, నేను దస్తావేజు లేఖరినన్న సంగతే మరిచిపోయినాను. దినానికి పదిసార్లు ఎక్కినాను, పదిసార్లు దిగినాను. ఒక మాట ఒప్పుకుంటున్నాను. అక్కడి నుంచి కనిపించేది నాగన్న గొడ్ల కొట్టమే.

కానీ నిన్న ఇక్కడ బద్వేలులో బండి దిగి చెప్పులు విడుస్తుంటే ఒట్టు గుర్తొచ్చింది. పెండ్లినాడు ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కేకలు వేసినాడు కదా. పిల్లను బయటికి తీసుకురమ్మని నేను అరిచినా ఎవరికీ వినపడలేదు. అది లోపలి గదిలో బుట్టలో కూర్చుని నా వైపే చూస్తోంది. దాని కళ్ళల్లో నీళ్ళు. అంతే, నాకేమీ గుర్తు లేదు. పరుగెత్తుకుపోయి బుట్ట ఎత్తుకుని వచ్చేసినాను. మీ ఇంటి గడపను పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొక్కినాను.

బుట్ట అడ్డం ఉండి నాకు నేల కూడా కనపడలేదు. వెనక పట్టుకున్న నాగన్న గడపకు తట్టుకుని తూలినాడు. నా కాలు మాత్రం తడబడలేదు. తప్పు చేసే కాలు ఎంత ధీమాగా నడిచిందో చూడండి!

పిల్లను మోసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. మళ్ళీ పిలిచినా మోస్తాను. కానీ నాయన పేరు మీద పెట్టిన ఒట్టు అది. ఈ పొద్దు కచేరీలో ఒక దస్తావేజు కింద "కాశన్న కుమారుడు ఓబులేసు" అని సంతకం పెట్టబోయి కలం కింద పెట్టేసినాను. ఆ మాట రాయడానికి నాకిక హక్కు ఉందా?

ఓబులేసు

తా.క. పొద్దున్నుంచి దస్తావేజులు ఆగిపోయినాయి. జనం అరుస్తున్నారు.

* * *

కమలాపురం,
వైశాఖ బహుళ సప్తమి.

మామకు నమస్కారాలు. అమ్మ చెబుతుంటే రామసుబ్బమ్మ రాస్తున్నది. అమ్మ ఒక్క మాట కూడా మార్చవద్దంది, అందుకని అన్నది అన్నట్లే రాస్తున్నా.

ఒరే ఓబులేసూ, నీ జాబు పిల్ల చదివి ఇనిపించినాది. ఏడ్చినావని రాయలేదు కానీ సిరా రెండు చోట్ల అలికినట్టు ఉండాది. ఏడిస్తే ఏడ్చినావులే. ఇప్పుడు నేను చెప్పేది ఇను.

మీ బావ తెచ్చిన టేకు వాకిలి యాడిదో ఆయనకు తెలీదు. నేను చెయ్యి పెట్టగానే తెలిసింది. గడపకు ఎడంపక్క ఒక గాడి ఉండాది. నువ్వు బొంగరం మేకు నూరి నూరి చేసిన గాడి. "గడప మీద ఇనుము నూరుతావా, ఇంటికి చేటురా" అని నాయన నీ చెవి మెలేసినాడు. అది జమ్మలమడుగు మన ఇంటి గడప రా. నేను పుట్టినింటికి పోవాలంటే ఇల్లే ల్యాకుండా పాయనే అనుకుంటా ఉంటే, అదే బండెక్కి నా ఇంటికొచ్చినాది.

దాన్ని చెట్టెక్కించడానికి నాకు మనసు రాలా. అంత బరువు కొమ్మ ఆపదని గోపన్న కూడా అన్న్యాడు. మీ బావను నూలుకని తోలేసి, మూడు దినాల్లో మా ఇంటి పాత తుమ్మ వాకిలి పీకించి చెట్టు మీదికి ఎక్కించినా. నాయన వాకిలి మా ఇంటికి పెట్టించినా. పైన రంగూ పసుపూ పూసేస్తే ఎవురికి తెలుస్తాది?

ఇప్పుడు చెప్పు. చెట్టు మీద నాలుగు దినాలు దినానికి పదిసార్లు తొక్కింది యాది? నువ్వు తొక్కనని ఒట్టు పెట్టుకున్న గడపే. శుభ్రంగా తొక్కినావు. మధ్యాన్నం పూట దాని మీద తల పెట్టుకుని గురక కూడా పెట్టినావు. ఆకాశం ఊడి పడలేదు, వేపాకు కూడా రాల్లేదు. స్టాంపు కాగితం పొయ్యిలో పెట్టు.

ఇంట్లోకి ఉరికొచ్చినప్పుడు తొక్కింది మాత్రం నాయన గడప. అది మా పాత గడప కంటే నాలుగు వేళ్ళు ఎత్తు. నాగన్న తట్టుకున్న్యాడు. వియ్యపురాలు తట్టుకునింది. మీ బావ నెలన్నరగా దినామూ తట్టుకుంటాండాడు. నువ్వు ఒక్కనివే చేతుల్లో బుట్ట ఎత్తుకుని, కింద చూడకుండా, నిబ్బరంగా దాటినావు. పారాడే నాటి నుంచి ఆ గడప ఎత్తు నీ కాలికి తెలుసు. కాశన్న కొడుకువు కాకుంటే ఎట్ల తెలుస్తాదిరా?

పో, పోయి సంతకం పెట్టు. జనాన్ని ఎదురుచూపించొద్దు.

ఇట్లు, కాశన్న కూతురు తిమ్మమ్మ

తా.క. మీ బావకు ఇది చెప్పొద్దు. ముసలితనం వచ్చిందని మోకాళ్ళకు నూనె రాయించుకుంటా కుదురుగా ఉండాడు. ఇంకో నెల ఉండనీ.

ఇంకొక తా.క. ఈసారి చిన్న ఈరన్న వచ్చి, మీ బావ చెట్టెక్కినాడు, దిగమంటే దిగడంల్యా అని చెబితే నమ్ము. నువ్వు పోయిన దినం నుంచి నిజంగానే పొద్దుగూకే దాకా దిగడంల్యా.